పర్లాకిమిడిలో నడిచింది గుణుపురంలో ఎందుకు నడవలేదు: లినక్స్ ఇన్‌స్టాల్ స్క్రిప్టును పరీక్షించే పద్ధతి

ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లోని తెలుగు ఇళ్లలో పాత కాగితాల పెట్టె తెరిస్తే రెండు లిపులు కలిసే బయటపడతాయి. భూమి పత్రాలు ఒడియాలో ఉంటాయి. శుభలేఖలు, ఉత్తరాలు తెలుగులో ఉంటాయి. వాటిని స్కాన్ చేసి, వెతకడానికి వీలైన అక్షరాలుగా మార్చుకోవడానికి మేము కొందరం వాడుతున్న ఏర్పాటు పెద్దదేమీ కాదు. ఓసీఆర్ చేసే, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే టెసరాక్ట్, దానికి తెలుగు, ఒడియా భాషల డేటా, రెండు లిపుల ఫాంట్లు, వీటిని కలిపి నడిపే చిన్న పైథాన్ ప్రోగ్రాము ఉంటే చాలు. ఇవన్నీ ఒక్క ఆదేశంతో ఎక్కించే షెల్ స్క్రిప్టు (లినక్స్ ఆదేశాలను వరుసగా రాసిన ఫైలు) నేను రాశాను. పర్లాకిమిడిలో నా ల్యాప్‌టాప్ మీద అది ఒక్కసారి కూడా తడబడలేదు. గుణుపురంలో మిత్రుడి కంప్యూటర్ మీద కూడా చివరిదాకా నడిచి, ఇన్‌స్టాల్ పూర్తయిందని ప్రకటించింది. ఆయన ఒడియా పత్రం పెట్టగానే మాత్రం ఆ భాష డేటా లేదని టెసరాక్ట్ చెప్పింది. “మాస్టారూ, మీ స్క్రిప్టు అయిపోయిందంటోంది, పని మాత్రం అవ్వటం లేదు” అని ఆయన ఫోన్ చేశారు. కింద రాస్తున్న పద్ధతి ఆ ఫోన్ తరువాత కుదుర్చుకున్నది.

ముందు తనిఖీ రాయాలి

స్క్రిప్టు చివరి వరుసకు చేరడాన్ని విజయంగా లెక్కపెట్టినంతకాలం పరీక్ష మొదలు కానట్టే. అందుకని, స్క్రిప్టును ముట్టుకోకముందే, ఇన్‌స్టాల్ తరువాత వాడేవారు ఏ పని చేయగలగాలో దాన్ని చేసి చూసే తనిఖీ ఫైలును విడిగా రాసుకోవాలి. మా తనిఖీ నాలుగు పనులు చేస్తుంది. టెసరాక్ట్‌ను ‘లిస్ట్-లాంగ్స్’ ఆప్షన్‌తో నడిపి, వచ్చిన జాబితాలో ‘టీఈఎల్’, ‘ఓఆర్ఐ’ అనే రెండు కోడ్లు ఉన్నాయా అని చూస్తుంది. ‘ఎఫ్‌సీ-లిస్ట్’ ద్వారా తెలుగుకు ‘టీఈ’, ఒడియాకు ‘ఓఆర్’ అనే భాషా కోడ్లతో ఫాంట్లు దొరుకుతున్నాయా అని అడుగుతుంది. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (సిస్టం పైథాన్‌తో కలవకుండా విడిగా ఉండే ఫోల్డర్‌లో) మా ప్రోగ్రామును తెరిచి మూసి చూస్తుంది. చివరిగా, ముందే దగ్గర పెట్టుకున్న ఒక తెలుగు పేజీని, ఒక ఒడియా పేజీని చదివించి, ఫలితంలో మనకు తెలిసిన ఒక మాట వచ్చిందా అని వెతుకుతుంది. మొదటి మూడు తనిఖీలు గట్టెక్కి నాలుగోది తప్పిన సందర్భాలు నాకు ఎదురయ్యాయి, కాబట్టి ఒక్కటే ఉంచుకోవలసి వస్తే నాలుగోదాన్నే ఉంచుకుంటాను.

ఇక్కడ కోడ్ల విషయంలో పొరపాటు సులువుగా జరుగుతుంది. ఒకే తెలుగుకు టెసరాక్ట్ మూడక్షరాల కోడు వాడుతుంది, ఫాంట్ల వ్యవస్థ రెండక్షరాల కోడు వాడుతుంది, డెబియన్ అనే లినక్స్ రకంలో ఫాంటు ప్యాకేజీ పేరులో నాలుగక్షరాల లిపి కోడు ఉంటుంది. మా జిల్లాలోని సవరల భాషకు ఉన్న సొరా సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. దాని ఫాంటును కూడా తనిఖీలో చేర్చదలిస్తే భాషా కోడు మీద ఆధారపడకుండా, ఆ లిపిలోని ఒక అక్షరపు యూనికోడ్ సంఖ్య ఇచ్చి, ఆ అక్షరం ఉన్న ఫాంటు ఏదైనా ఉన్నదా అని అడగడం నమ్మకమైన మార్గం.

తనిఖీ ఫైలు తయారైన వెంటనే దాన్ని ఏమీ ఎక్కించని శుభ్రమైన సిస్టం మీద నడపాలి. అక్కడ అది తప్పకుండా విఫలం కావాలి. ఖాళీ సిస్టం మీద కూడా బాగానే ఉందనే తనిఖీని పారేసి మళ్లీ రాయడం తప్ప వేరే దారి లేదు.

ఏయే సిస్టంల మీద పరీక్షించాలి

లినక్స్ పంపిణీలు (డిస్ట్రిబ్యూషన్లు) వందల్లో ఉన్నా, మన చుట్టూ నిజంగా ఉన్నవి కొన్నే. నేను బరంపురం, పర్లాకిమిడి, గుణుపురంలోని మిత్రులందరినీ అడిగి, ‘ఈటీసీ’ డైరెక్టరీలో సిస్టం పేరు, వెర్షన్ చెప్పే ‘ఓఎస్-రిలీజ్’ ఫైలును ఉన్నదున్నట్టు పంపమన్నాను. ఉబుంటు 22.04, 24.04, లినక్స్ మింట్ 22, డెబియన్ 12, ఒక ఫెడోరా వచ్చాయి. ఆ అయిదింటికే హామీ ఇచ్చి, మిగతా సిస్టంల మీద స్క్రిప్టు మొదట్లోనే స్పష్టంగా చెప్పి ఆగిపోయేటట్టు చేశాను. తెలియని పంపిణీ మీద ఊహించుకుని ముందుకు సాగే స్క్రిప్టు కంటే మర్యాదగా ఆగే స్క్రిప్టు మేలు. ఆ ఆగడాన్ని కూడా పరీక్షించాలి. మేము అందుకు ఆల్పైన్‌ను వాడుతున్నాము. దాని కంటైనర్ ఇమేజ్ (మెషీన్ లోపలే విడిగా తెరిచే శుభ్రమైన సిస్టంకు మూస) పది ఎంబీ లోపే ఉంటుంది కనుక డేటాకు భారం కాదు. పైగా అందులో మన స్క్రిప్టును నడిపే షెల్ అయిన బ్యాష్ ముందుగా ఉండదు కాబట్టి, బ్యాష్ లేని చోట మన స్క్రిప్టు ఎలాంటి సందేశంతో ఆగుతుందో కూడా తెలుస్తుంది.

‘ఓఎస్-రిలీజ్’ ఫైలును చదివేటప్పుడు ‘ఐడీ’ విలువ ఒక్కటే చూస్తే మింట్ దగ్గర దెబ్బతింటాము. మింట్ ‘ఐడీ’లో తన పేరే చెప్పుకుంటుంది; తాను ఉబుంటు, డెబియన్ వంశానికి చెందినదన్న సంగతి ‘ఐడీ_లైక్’లో ఉంటుంది. ఇంతకంటే చిక్కైనది కోడ్‌నేమ్. బయటి రిపాజిటరీని (ప్యాకేజీలు దొరికే సర్వరును) జోడించే స్క్రిప్టులు చాలావరకు ‘వెర్షన్_కోడ్‌నేమ్’ తీసుకుని చిరునామాలో పెడతాయి. మింట్ 22లో అది ‘విల్మా’ అవుతుంది; ఉబుంటు కోసం తయారుచేసిన రిపాజిటరీలో విల్మా అనే అర ఉండదు కనుక 404 (ఆ పేజీ లేదు) అనే తప్పు వస్తుంది. అక్కడ కావలసింది ‘ఉబుంటు_కోడ్‌నేమ్’లో ఉన్న ‘నోబుల్’. మింట్ మెషీన్ దగ్గర లేకపోయినా దీన్ని పరీక్షించవచ్చు. ఆయా మెషీన్ల ‘ఓఎస్-రిలీజ్’ ఫైళ్లను ఒక ఫోల్డర్‌లో దాచుకుని, గుర్తుపట్టే భాగాన్ని విడి ఫంక్షన్‌గా రాసి, చదవవలసిన ఫైలు దారిని దానికి బయటి నుంచి ఇస్తే, అయిదు సిస్టంల గుర్తింపు పరీక్ష ఒక్క సెకనులో అయిపోతుంది. ఇటువంటి చిన్న పరీక్షలను క్రమంగా నడపడానికి బ్యాట్స్ అనే సాధనం ఉన్నది. అది లేకపోయినా పది వరుసల షెల్ లూప్ సరిపోతుంది.

ప్యాకేజీ పేర్లకు ఒక పట్టిక రాసుకోక తప్పదు. టెసరాక్ట్ తెలుగు డేటా డెబియన్ కుటుంబంలో ‘టెసరాక్ట్-ఓసీఆర్-టెల్’ అయితే ఫెడోరాలో ‘టెసరాక్ట్-ల్యాంగ్‌ప్యాక్-టెల్’ అవుతుంది. డేటా దిగే డైరెక్టరీ కూడా ఒకటి కాదు. ఉబుంటు 22.04లో దారి మధ్యలో 4.00 అని ఉంటుంది, 24.04లో 5 అని ఉంటుంది, ఫెడోరాలో అసలు వేరే దారి. అందుకే ఫైలు ఫలానా చోట ఉన్నదా అని చూసే తనిఖీ రాయకుండా, టెసరాక్ట్‌నే అడిగే తనిఖీ రాయమని పైన చెప్పాను.

నడపక ముందే దొరికే తప్పులు

కంటైనర్ల దాకా వెళ్లకముందే స్క్రిప్టును ‘బ్యాష్ -ఎన్’తో ఒకసారి, స్క్రిప్టుల్లో తప్పులు వెతికే షెల్‌చెక్‌తో ఒకసారి చదివించాలి. మొదటిది వాక్య నిర్మాణంలోని తప్పులు పడుతుంది. కొటేషన్ మార్కులు లేని వేరియబుళ్లను, మింగబడే ఎగ్జిట్ కోడ్లను (కమాండ్ ముగిసినప్పుడు ఇచ్చే అంకె; సున్నా అయితే విజయం) రెండోది పట్టుకుంటుంది. మొదటి వరుసలో ‘ఎస్‌హెచ్’ అని రాసి లోపల బ్యాష్ అర్రేలు (విలువల జాబితాలు) వాడినా షెల్‌చెక్ చెబుతుంది. ఉబుంటులో 2006 నుంచి, డెబియన్‌లో 2011 నుంచి ఆ ‘ఎస్‌హెచ్’ నిజానికి డ్యాష్ అనే చిన్న షెల్, దానికి అర్రేలు తెలియవు. ఫెడోరాలో ఆ పేరు వెనుక బ్యాష్ ఉంటుంది కాబట్టి అక్కడ రాసినవారికి తప్పు కనబడదు.

మరో తప్పు మనవైపు తరచుగా జరిగేది. ఎవరో విండోస్‌లో ఏదో ఎడిటర్ తెరిచి ఒక వరుస మార్చి, పెన్‌డ్రైవ్‌లో వేసి పంపుతారు. వరుసల చివర విండోస్ గుర్తు చేరి, ‘బ్యాష్’ ఉన్నా బ్యాష్ దొరకలేదనే వింత సందేశం వస్తుంది. స్క్రిప్టును ఇతరులకు పంపేముందు ఆ గుర్తు ఉన్నదేమో వెతికే ఒక్క గ్రెప్ కమాండ్ పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. అలాగే పరీక్షలన్నిటినీ ‘తెలుగు పత్రాలు’ వంటి, మధ్యలో ఖాళీ ఉన్న, తెలుగు పేరున్న ఫోల్డర్ నుంచి నడపడం అలవాటు చేసుకోవాలి. వాడేవారు స్క్రిప్టును పెట్టేది అలాంటి చోటే.

కంటైనర్లో పరీక్ష

స్క్రిప్టు రాసిన మెషీన్ సాక్ష్యం చెల్లదు. అందులో ఏళ్ల తరబడి ఎక్కించుకున్న ప్యాకేజీలు ఉంటాయి. స్క్రిప్టు మరచిపోయినదాన్ని అవి కప్పిపుచ్చుతాయి. డాకర్‌తో గాని, పోడ్‌మ్యాన్‌తో గాని ప్రతిసారీ కొత్త కంటైనర్ తెరిచి, స్క్రిప్టు ఫోల్డర్‌ను చదవడానికి మాత్రమే అనుమతించి జతచేసి, పని కాగానే కంటైనర్‌ను చెరిపేయాలి. ఫెడోరా మీద పోడ్‌మ్యాన్ వాడేవారు ఫోల్డర్ జతచేసేటప్పుడు చివర పెద్ద ‘జెడ్’ గుర్తు చేర్చకపోతే అక్కడి భద్రతా వ్యవస్థ ఎస్‌ఈలినక్స్ అడ్డుపడి అనుమతి లేదంటుంది; దానికి స్క్రిప్టును నిందించకూడదు.

మొదటిసారి నడపగానే చాలావరకు ఎదురయ్యేవి ఇవి. డెబియన్, ఉబుంటు ఇమేజ్‌లలో ప్యాకేజీల జాబితా ఉండదు కనుక ‘ఆప్ట్-గెట్ అప్‌డేట్’ లేకుండా ఏ ప్యాకేజీ దొరకదు. ఫైళ్లు దించే కర్ల్ ఉండదు, అడ్మిన్ హక్కుతో కమాండ్ నడిపే సూడో ఉండదు. కంటైనర్ రూట్‌గా (అన్ని హక్కులున్న యూజర్‌గా) తెరుచుకుంటుంది కాబట్టి, అనుమతులకు సంబంధించిన తప్పులు అసలు బయటపడవు. అందువల్ల కంటైనర్లో ఒక సాధారణ యూజర్‌ను తయారుచేసి, సూడో అనుమతి ఇచ్చి, అతని పేరుతోనే పరీక్ష నడపాలి. పరీక్ష తరువాత ఆ యూజర్ హోమ్ డైరెక్టరీలో రూట్ పేరు మీద మిగిలిపోయిన ఫైళ్లు ఉన్నాయేమో తప్పక చూడాలి. మా స్క్రిప్టు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను రూట్ పేరుతో తయారుచేసేది. వాడేవారికి అందులో ఒక్క ఫైలు మార్చే హక్కు ఉండేది కాదు. ఆ ఎన్విరాన్‌మెంట్ అసలు ఎందుకు కావలసి వచ్చిందంటే, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి సిస్టం పైథాన్‌లోకి పిప్ (పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే సాధనం) నేరుగా ఏదీ ఎక్కించనివ్వదు. డెబియన్, ఉబుంటుల్లో దానికి ‘పైథాన్3-వెన్వ్’ అనే ప్యాకేజీని విడిగా అడగాలన్నది కూడా శుభ్రమైన కంటైనర్ చెప్పేదాకా నాకు గుర్తులేదు.

ప్రశ్న అడిగి ఆగిపోయే ప్యాకేజీలు ఇంకొక బెడద. టైమ్‌జోన్ డేటా ప్యాకేజీ ఖండం ఎంచుకోమని అడిగి, జవాబిచ్చే మనిషి లేక అలాగే కూర్చుంటుంది. ‘డెబియన్_ఫ్రంటెండ్’ను ‘నాన్‌ఇంటరాక్టివ్’గా పెడితే అడగదు. కాని దాన్ని స్క్రిప్టు మొదట్లో ఎక్స్‌పోర్ట్ చేసి ఊరుకుంటే చాలదు. సూడో సాధారణంగా ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లను వడకట్టేస్తుంది గనుక, ఆ విలువను సూడో తరువాత, ఆప్ట్-గెట్‌కు ముందు రాయాలి. పరీక్షలో స్టాండర్డ్ ఇన్‌పుట్‌ను ‘డెవ్-నల్’కు కలిపి, మొత్తం నడకను ‘టైమౌట్’ కమాండ్ కింద పెడితే, ఎక్కడైనా ఇరుక్కున్నప్పుడు 124 అనే ఎగ్జిట్ కోడ్‌తో బయటపడి సంగతి తెలుస్తుంది. స్క్రిప్టుల్లో ‘ఆప్ట్’ కాకుండా ‘ఆప్ట్-గెట్’ వాడటం మంచిది. తన కమాండ్ రూపం స్థిరం కాదని ‘ఆప్ట్’ తానే హెచ్చరిస్తుంది. ఫెడోరావైపు కూడా ఇలాంటి మార్పు ఒకటి జరిగింది. ఫెడోరా 41తో ప్యాకేజీలు ఎక్కించే సాధనం డీఎన్ఎఫ్ 5 వచ్చాక ‘గ్రూప్‌ఇన్‌స్టాల్’ అనే పాత కలిపిన రూపం పనిచేయదు, ‘గ్రూప్ ఇన్‌స్టాల్’ అని విడదీసి రాయాలి.

గుణుపురంలో జరిగిందేమిటి

ఇప్పుడు అసలు తప్పుకు వస్తాను. ఆ రోజు ఆయన ఇంట్లో నెట్ వస్తూ పోతూ ఉన్నది. ‘ఆప్ట్-గెట్ అప్‌డేట్’ కొన్ని జాబితాలు తెచ్చి, కొన్ని తేలేక, పాతవాటితో సరిపెట్టుకుంటున్నానని ఒక హెచ్చరిక మాత్రం రాసి, ఎగ్జిట్ కోడ్ సున్నాతో ముగిసింది. ఆ హెచ్చరిక మిగతా వరుసల్లో కొట్టుకుపోయింది. ఒడియా డేటా ఎక్కించవలసిన తరువాతి ఇన్‌స్టాల్ కమాండ్ నిజంగానే విఫలమైంది. కాని నేను లాగ్ కోసం దాని సందేశాలను పైపు ద్వారా, వాటిని ఫైలులో రాసే ‘టీ’ కమాండ్‌కు పంపాను. పైపు వరుసలో బ్యాష్ చివరి కమాండ్ ఎగ్జిట్ కోడ్‌నే లెక్కలోకి తీసుకుంటుంది, ‘టీ’ ఎప్పటిలాగే విజయవంతమైంది. కమాండ్ తప్పగానే స్క్రిప్టును ఆపే ‘సెట్ -ఈ’ పెట్టాను కదా అన్న ధీమా నన్ను ముంచింది. ‘పైప్‌ఫెయిల్’ కూడా చేర్చి ఉంటే అక్కడే ఆగేది. ‘ఇఫ్’ షరతులో ఉన్న కమాండ్‌కు, ‘లేదా’ గుర్తుకు ఎడమవైపున్న కమాండ్‌కు కూడా ‘సెట్ -ఈ’ వర్తించదన్నది గుర్తుంచుకోవాలి. ‘లోకల్’ ప్రకటనతో ఒకే వరుసలో కమాండ్ ఫలితాన్ని తీసుకుంటే దాని వైఫల్యం కూడా కనబడకుండా పోతుంది.

కాబట్టి నెట్ చెడినప్పుడు ఏమవుతుందో కావాలని చెడగొట్టి చూడాలి. కంటైనర్‌ను ‘నెట్‌వర్క్ నన్’ ఆప్షన్‌తో తెరిచి స్క్రిప్టును నడిపితే అది సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో, అర్థమయ్యే మాటతో ఆగాలి. అంతకంటే విలువైనది సగం చెడిన నెట్. రిపాజిటరీల్లో ఒకదాని చిరునామాను మాత్రమే తప్పుగా రాసి నడపండి. ఇప్పటి ఆప్ట్-గెట్‌లో ‘ఎర్రర్-ఆన్’కు ‘ఎనీ’ అనే విలువ ఇస్తే, ఒక్క జాబితా రాకపోయినా అప్‌డేట్ విఫలమైనట్టు చెబుతుంది. కర్ల్‌తో ఫైలు దించేటప్పుడు ‘ఫెయిల్’ ఆప్షన్ పెట్టకపోతే, 404 పేజీనే మీ ఫైలు పేరుతో దాచి అంతా సవ్యమంటుంది. దించిన ప్రతి ఫైలునూ ‘ఎస్‌హెచ్‌ఏ256సమ్’తో సరిచూసుకోవడం దానికి విరుగుడు.

సందేశాల్లోని మాటలను గ్రెప్‌తో వెతికి నిర్ణయాలు తీసుకునే స్క్రిప్టుకు మనలాంటి సరిహద్దు ప్రాంతంలో ఇంకో ప్రమాదం ఉన్నది. ఒకరి మెషీన్ తెలుగు లొకేల్‌లో (భాష సెట్టింగులో), ఇంకొకరిది ఒడియా లొకేల్‌లో ఉంటాయి. నెలల పేర్లు, సందేశాలు దానితోపాటు మారవచ్చు. ‘ఎల్‌సీ_ఆల్’ను ‘సీ’గా పెట్టడం, వీలైనంతవరకు ఎగ్జిట్ కోడ్లనే నమ్మడం మంచిది. తెలుగు లొకేల్ పెట్టిన కంటైనర్లో ఒకసారి, ఒడియా లొకేల్‌లో ఒకసారి నడిపి చూడటానికి పెద్ద శ్రమ లేదు.

కంటైనర్ చూపించలేనివి

కంటైనర్‌కు సొంత కెర్నెల్ లేదు, మామూలుగా సేవలను నడిపే సిస్టమ్‌డీ నడవదు, గడియారం హోస్ట్‌దే. అందుచేత మూడు పరీక్షలకు వర్చువల్ మెషీన్ (మెషీన్ లోపల సొంత కెర్నెల్‌తో నడిచే మరో మెషీన్) తప్పనిసరి. వర్చువల్‌బాక్స్‌లో గాని, కేవీఎంలో గాని తాజా ఇన్‌స్టాల్ చేసి, వెంటనే స్నాప్‌షాట్ (ఆ స్థితికి నకలు) తీసుకుని, ప్రతి పరీక్ష తరువాత దానికి తిరిగి రావాలి.

అక్కడ మొదట చేయవలసింది కరెంటు కోత పరీక్ష. ప్యాకేజీలు విప్పుకుంటున్న సమయంలో మెషీన్‌ను షట్‌డౌన్ చేయకుండా ఒక్కసారిగా ఆపేయండి. మళ్లీ లేపి స్క్రిప్టును నడిపితే, ప్యాకేజీలను విప్పి అమర్చే డీపీకేజీ మధ్యలో ఆగిపోయిందని, ‘డీపీకేజీ’ని ‘కాన్ఫిగర్ -ఏ’తో నడపమని ఆప్ట్ అంటుంది. ఆ పనిని స్క్రిప్టే మొదట్లో చేసుకోవాలని నా అభిప్రాయం. గుణుపురంలో కూర్చున్న మనిషికి ఆ సందేశం అర్థం కావాలని కోరుకోవడం న్యాయం కాదు. వేర్వేరు క్షణాల్లో మూడు నాలుగు సార్లు ఆపి చూడాలి, ఎందుకంటే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ సగం తయారైనప్పుడు ఆగితే వచ్చే తప్పు పూర్తిగా వేరు.

రెండోది గడియారం. పాత డెస్క్‌టాప్‌లలో గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయి, ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కు పోతుంది. అప్పుడు హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లు చెల్లవు, రిపాజిటరీ రిలీజ్ ఫైలు ఇంకా అమలులోకి రాలేదని ఆప్ట్ మొరాయిస్తుంది. వర్చువల్ మెషీన్‌లో ఆటోమేటిక్ సమయాన్ని ఆపి, తేదీని 2010కి మార్చి నడిపి చూడండి. తేదీ స్క్రిప్టు విడుదలైన రోజు కంటే వెనుక ఉంటే, ముందు గడియారం సరిచేసుకోమని చెప్పి ఆగడం చాలు.

మూడోది, మెషీన్ లేచిన మొదటి నిమిషాల్లో నడపడం. ఉబుంటు అప్పుడే తన ఆటోమేటిక్ అప్‌డేట్లు మొదలుపెట్టి డీపీకేజీ లాక్ పట్టుకుని ఉంటుంది. ఆప్ట్-గెట్‌కు లాక్ టైమౌట్ ఆప్షన్ ఇచ్చి కొన్ని నిమిషాలు వేచి ఉండమనాలి. లాక్ ఫైలును చెరిపేయమని చెప్పే సలహాలు చాలా వినబడతాయి. వాటిని స్క్రిప్టులో ఎన్నడూ పెట్టకండి.

రెండోసారి నడపడం

ఒకసారి విజయవంతమైన మెషీన్ మీదే స్క్రిప్టును మళ్లీ నడపాలి. రెండో నడక త్వరగా ముగియాలి, ఏదీ మార్చకూడదు. బ్యాష్ సెటప్ ఫైలులో ఒకే పాత్ వరుస రెండుసార్లు చేరడం, ఒకే రిపాజిటరీ రెండు ఫైళ్లలో నమోదు కావడం ఇక్కడ దొరికే తప్పులు. హోమ్, ఈటీసీ డైరెక్టరీల్లోని ఫైళ్ల చెక్‌సమ్‌లను రెండు నడకలకు మధ్య ఒకసారి, తరువాత ఒకసారి తీసి పోల్చితే తేడా కనబడుతుంది.

డేటా ఖర్చు, లాగ్‌లు

అయిదు సిస్టంల మీద పదేసిసార్లు నడిపితే అవే ప్యాకేజీలు పదేసిసార్లు దిగుతాయి. మొబైల్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవారు ఒక మెషీన్‌లో, దిగిన ప్యాకేజీలను దాచి ఉంచే ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ పెట్టి, కంటైనర్లలోని ఆప్ట్‌కు 3142 పోర్టును ప్రాక్సీగా చూపిస్తే, డెబియన్, ఉబుంటు ప్యాకేజీలు ఒక్కసారే దిగుతాయి. అయితే స్క్రిప్టును ఇతరులకు పంపేముందు ఒక్కసారైనా క్యాష్ లేకుండా నడపాలి, లేకపోతే మిర్రర్ (ప్యాకేజీల సర్వరు) నుంచి మాయమైన ప్యాకేజీ మీ క్యాష్‌లో ఇంకా బతికే ఉంటుంది. పాత పంపిణీల విషయంలో ఇది ఊహ కాదు. సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో గడువు తీరాక, దాని రిపాజిటరీలు పాత చిరునామా వదిలి వాల్ట్‌కు (పాతవాటిని దాచే సర్వరుకు) వెళ్లిపోయాయి, నిన్నటిదాకా నడిచిన స్క్రిప్టులు మర్నాడు ఆగాయి. అందుకే స్క్రిప్టులో ఏ మార్పూ చేయకపోయినా నెలకొకసారి మొత్తం పరీక్ష నడుపుతాను.

ప్రతి నడకకూ ఒక లాగ్ ఫైలు ఉండాలి. ఫైలు పేరులో పంపిణీ, వెర్షన్, తేదీ ఉంటే వెతుక్కోవడం సులభం. లోపల మొదటి వరుసల్లో ‘ఓఎస్-రిలీజ్’, ‘యూనేమ్ -ఎమ్’ ఫలితం, స్క్రిప్టు వెర్షన్; చివరి వరుసల్లో స్క్రిప్టు ఎగ్జిట్ కోడ్, దాని కింద తనిఖీ ఎగ్జిట్ కోడ్ విడివిడిగా రాయాలి. గుణుపురం మిత్రుడికి ఇప్పుడు స్క్రిప్టుతోపాటు తనిఖీ ఫైలు కూడా పంపుతున్నాను. ఇన్‌స్టాల్ తప్పితే ఆయన లాగ్‌లోని చివరి ఆ రెండు వరుసల ఫోటో పంపుతారు. తప్పు నెట్‌లో ఉన్నదో, నా స్క్రిప్టులో ఉన్నదో తొంభై పాళ్లు దాంతోనే తేలిపోతుంది.